చెవిలో ఫ్రెంచి, పొయ్యి మీద పప్పు

కిందటేడు ఆషాఢంలో అనుకుంటాను, మా పనమ్మాయి మా అత్తగారి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడిగిందట, "అమ్మగారికి ఒంట్లో బాగానే ఉంటందాండీ? వంటింట్లో ఒక్కరే మాట్లాడుకుంటన్నారు. అదీ మన బాస కాదు" అని. మా అత్తగారు తొణకలేదు. "ఫ్రెంచిటలే. నలభై ఏడేళ్ళకి చదువు మీద పడింది. నువ్వు అంట్లు కానియ్యి" అన్నారట.

చెవిలో ఇయర్‌ఫోన్లు, పొయ్యి మీద పప్పు, చేతిలో బెండకాయలు. చెవిలో ఒకాయన ఇంగ్లీషులో అడుగుతాడు, "మీకు ఫ్రెంచి అర్థమవుతుందా అని ఆవిడని ఎలా అడుగుతారు?" అని. నేను పైకే చెప్పాలి. మనసులో అనుకుంటే కుదరదు, నోటికి రాదు. చూసేవాళ్ళకి గాలి సోకినట్టే ఉంటుంది మరి.

అసలు నాకెందుకు ఈ ఫ్రెంచి? నేను చదివింది బీ.ఏ. తెలుగు. కాకినాడ దాటి బతికింది లేదు. మా అమ్మాయి చదువుకని ఫ్రాన్సులో గ్రెనోబుల్ వెళ్ళింది, చుట్టూ కొండలున్న ఊరు. అక్కడే ఉద్యోగంలో చేరింది, అక్కడి అబ్బాయినే ఇష్టపడింది. ఆ వార్త విన్నాక మా ఇంట్లో జరిగిన రామాయణం ఇప్పుడు వద్దు, ఇంకో రోజు రాస్తాను. ఏడాది పట్టింది. చివరికి అందరం ఒప్పుకున్నాం. అబ్బాయి మంచివాడు. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. మావారు బ్యాంకులో ఆఫీసరు, ఆయనకీ ఇంగ్లీషు వచ్చు. ఇద్దరూ క్రికెట్ తప్ప అన్నీ మాట్లాడేసుకుంటారు.

చిక్కల్లా ఆ అబ్బాయి వాళ్ళమ్మగారితో. ఆవిడకి ఇంగ్లీషు రాదు. వీడియో కాల్‌లో మొదటిసారి కలిసినప్పుడు మా అమ్మాయి మధ్యలో కూర్చుని అటూ ఇటూ చెప్పింది. నేను రెండు నిమిషాలు మాట్లాడాను. మా పిల్ల కోపిష్టిది కానీ మనసులో ఏమీ ఉంచుకోదు, కోపమొస్తే అన్నం మానేస్తుంది, అప్పుడు ఎవరూ పలకరించకూడదు, కాసేపయ్యాక తనే వస్తుంది, అని ఇరవై అయిదేళ్ళ అనుభవం అంతా చెప్పాను. మా అమ్మాయి దాన్ని ఒక్క ఊపిరిలో తేల్చేసింది. నాలుగు మాటలు కూడా లేవు. అంత పెద్ద విషయం నాలుగు మాటల్లో ఎలా పడుతుందండీ? పైగా చెప్పేది తన కోపం గురించి!

తర్వాత ఆవిడేదో అన్నారు. అక్కడ ముగ్గురూ పకపకా నవ్వారు. "ఏమన్నారే?" అన్నాను. నవ్వు ఆపుకోకుండానే "ఏం లేదమ్మా" అంది.

ఏం లేదమ్మా. ఆ మాట నాకు కొత్త కాదు. మావారి బ్యాంకు వాళ్ళ విందుల్లో ఇంగ్లీషులో జోకులు పేలేవి. ఇంటికొచ్చాక అడిగితే "ఏం లేదులే" అనేవారు. పాతికేళ్ళు అలా వినీ వినీ అలవాటైపోయింది. కానీ నా కడుపున పుట్టిన పిల్ల నాకు తెలియని భాషలో నవ్వి, ఏం లేదమ్మా అంటే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రేపు దానికి పిల్లలు పుడతారు. వాళ్ళు నానమ్మతో గలగలా మాట్లాడతారు. నేను ఫోన్లో చెయ్యి ఊపుతూ ఉంటాను. చెయ్యి ఊపే అమ్మమ్మ!

మర్నాడు అమ్మాయిని అడిగితే ఆడియో పాఠాలకి చందా కట్టింది. "పుస్తకం చూడకు, వినడమే. నువ్వు మూడు రోజుల్లో మానేస్తావు చూడు" అని కూడా అంది. మావారయితే "ముందు ఇంగ్లీషు నేర్చుకోవోయ్" అన్నారు. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. పాఠాలు ఇంగ్లీషులో చెప్పే ఫ్రెంచి పాఠాలు. అంటే నేను తెలుగులోంచి ఇంగ్లీషులోకి, అక్కణ్ణుంచి ఫ్రెంచిలోకి గెంతాలి. రేవు దాటడానికి రెండు పడవలు మారినట్టు. అన్నిటికన్నా తమాషా, మొదటి పాఠంలో మొదటి వాక్యమే "పార్దోఁ, ఎస్క వూ కోఁప్రెనే లాఁగ్లే?" అంటే, క్షమించండి, మీకు ఇంగ్లీషు అర్థమవుతుందా? అని. నాకే అంతంత మాత్రం, నేను ఇంకొకర్ని అడగడం!

పాఠం అరగంట. ఈ పద్ధతి పాల్ పింస్లర్ అనే అమెరికా ప్రొఫెసరుది. ఆయన 1976లోనే పోయారు. 1967లో ఆయన రాసిన వ్యాసంలో ఒక లెక్క ఉంది. కొత్త మాట చెప్పిన అయిదు సెకన్లకి ఒకసారి అడగాలి, తర్వాత ఇరవై అయిదు సెకన్లకి, తర్వాత రెండు నిమిషాలకి, పది నిమిషాలకి, గంటకి, అయిదు గంటలకి, మర్నాడు, అలా ఎడం పెంచుకుంటూ పోవాలి. మరిచిపోబోయే ముందు అడిగితే ఆ మాట గట్టిపడుతుందట. నిజంగానే నేను చారులో పోపు వేస్తూ మరిచిపోతున్న క్షణంలోనే ఆయన అడుగుతాడు. మా తాతగారు శతక పద్యాలు ఇలాగే అప్పజెప్పించుకునేవారు. పొద్దున చెప్పిన పద్యం భోజనాల దగ్గర హఠాత్తుగా అడిగేవారు. ఆయన దగ్గర సెకన్ల లెక్క లేదు, అంతే.

ఇంకో చిత్రం, పెద్ద మాటని తోక దగ్గర్నుంచి నేర్పుతారు. "నే" అనమంటారు. తర్వాత "ప్రెనే". తర్వాత "కోఁప్రెనే". మనం మొదట్నుంచి చదివితే చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. తోక నుంచి వస్తే తెలిసిన చోటికే చేరుకుంటాం కాబట్టి తడబడం.

మొదటి నెల ఇంగ్లీషు మీదే కుస్తీ. తర్వాత ఒకరోజు గోంగూర వలుస్తున్నాను. పాఠంలో "వూ" అంటే మీరు అని అప్పటికే తెలుసు. "ఆవే" అంటే ఉంది అన్న అర్థం. రెండూ కలిపి ఆవిడ "వుజావే" అంది. ఈ "జ" ఎక్కణ్ణుంచి ఊడిపడింది? మళ్ళీ విన్నాను. జ ఉంది. "వూ పార్లే" అన్నప్పుడు లేదు. అచ్చు వస్తే ఉంది, హల్లు వస్తే లేదు. చేతిలో గోంగూర అలాగే ఉండిపోయింది. ఇది మన ద్రుతం కదూ!

తెలుగు చదువుకోని వాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. "వచ్చె రాముడు" అంటాం. "వచ్చె నతడు" అంటాం. ఆ నకారం మాట చివర దాక్కుని ఉంటుంది. హల్లు ముందు మాయమవుతుంది, అచ్చు కనిపించగానే బయటికొస్తుంది. ఫ్రెంచిలో సకారం ఇలాగే దాక్కుని, అచ్చు రాగానే జకారంగా బయటపడుతుంది. స్నేహితులు "ఆమి" అయితే, ముందు "లే" చేరితే "లెజామి". "జ" అంటే నేను, "ఎమ్" అంటే ఇష్టపడతాను, రెండూ కలిస్తే "జెమ్". ముందున్న అచ్చు ఎగిరిపోయింది, మన ఉత్వసంధిలో ఉకారం ఎగిరిపోయినట్టు. బాలవ్యాకరణం సూత్రాలు బట్టీ పట్టి, పరీక్ష రాసి, పెళ్ళి చేసుకుని, అటక మీద పారేసిన చదువు. పాతికేళ్ళ తర్వాత గోంగూర కట్ట దగ్గర లేచి కూర్చుంది.

ఇక అరసున్న సంగతి. మేం చదువుకునేటప్పుడు అరసున్నని తిట్టుకోని వాళ్ళు లేరు. పలకని దాన్ని ఎందుకు రాయాలి అనేవాళ్ళం. మా మేడం మాత్రం, ఒకప్పుడు దాన్ని ముక్కుతో పలికేవారమ్మా, ఇప్పుడు గుర్తు మిగిలింది, ధ్వని పోయింది అనేవారు. ఫ్రెంచిలో ఆ ధ్వని బతికే ఉంది. మంచి అంటే "బోఁ". ద్రాక్షసారా "వేఁ". రొట్టె "పేఁ". చివర న అని నాలుక తగిలించారో, తప్పు. ముక్కులోకి వదిలెయ్యాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే నాకు ఒక్కటీ పలికేది కాదు. తెలుగు లిపిలో, అరసున్నలు పెట్టి, పాత లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. నా ఫ్రెంచి నోట్సు చూస్తే పాత కావ్యం అచ్చుప్రతిలా ఉంటుంది.

మీరు, నువ్వు తేడా కూడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. "వూ" అంటే మీరు, "త్యూ" అంటే నువ్వు. పాఠంలో ఇంగ్లీషాయన దీని గురించి తెగ వివరిస్తుంటే, సరే లేవయ్యా ముందుకి పద అనిపించింది. ఆ "త్యూ"లో అచ్చు మాత్రం నాకు ఈరోజుకీ చేతకాదు. పెదవులు ఉ అన్నట్టు పెట్టి, నోటితో ఇ అనాలి. చేసి చూడండి. చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు చెయ్యండి. అంకెలు ఇంకో గొడవ. తొంభై తొమ్మిది అనడానికి "నాలుగు ఇరవైలు పంతొమ్మిది" అంటారు. కూరగాయల బజారులో వీళ్ళు బేరం ఎలా ఆడతారో!

ఒకసారి మా అత్తగారు పక్కన కూర్చుని వింటూ, "మీ అమ్మమ్మ పెళ్ళి ఫ్రాన్సులోనేగా అయింది, నీకు రాకేం" అన్నారు. మా ఇంట్లో పాత హాస్యం ఇది. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్లకి పద్నాలుగేళ్ళు నిండకుండా పెళ్ళి చెయ్యకూడదన్నాక, ఈ చుట్టుపక్కల వాళ్ళంతా పిల్లల్ని యానాం తీసుకెళ్ళి చేసేవారు. యానాం అప్పుడు ఫ్రెంచి వాళ్ళ ఏలుబడి. ఆ చట్టం అక్కడ చెల్లదు. కల్యాణపురం అని పేరే పడిపోయింది. మా అమ్మమ్మకి తొమ్మిదేళ్ళు. ఎడ్లబండిలో నిద్రపోతుంటే లేపి పీటల మీద కూర్చోబెట్టారట. తొమ్మిదేళ్ళ పిల్ల ఫ్రాన్సు వెళ్ళి పెళ్ళి చేసుకుని, ఒక్క ఫ్రెంచి ముక్క తెలియకుండా, ఎవరూ తనని ఏమీ అడక్కుండా తిరిగొచ్చింది. ఇప్పుడు దాని మునిమనవరాలు తనకి నచ్చినవాణ్ణి తనే ఎంచుకుంది. దానికి నేను ఏడాదిపాటు మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రం పాఠం వినబుద్ధి కాలేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మా మావగారు జబ్బు పడ్డప్పుడు డాక్టరు చెప్పినవి మావారూ నేనూ ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం, మా అత్తగారికి తెలియకూడదని. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషూ అందుకు మాత్రం పనికొచ్చింది. ఆవిడ "ఏమంటున్నారే?" అంటే నేను చెప్పిన జవాబు, "ఏం లేదత్తయ్యా." ఆవిడ మళ్ళీ అడిగేవారు కాదు.

పాఠాలు ఎనిమిదో నెలలో పడ్డాయి. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను మోగింది. అక్కడ తొమ్మిది. అమ్మాయి నంబరు కాదు, ఆవిడది. ఆవిడ ఎప్పుడూ తనంతట తాను చెయ్యరు. నాకు కాళ్ళలో సత్తువ పోయింది.

"బోఁసువార్, మదామ్" అని మొదలుపెట్టి గబగబా ఏదో చెప్పేస్తున్నారు. నాకు తెలిసినవి రెండే వినబడ్డాయి. "లోపితాల్." ఆస్పత్రి. "సె ఫినీ." అయిపోయింది.

అయిపోయింది అన్న మాట తెలుగులో అర్ధరాత్రి ఫోన్లో ఎందుకు చెబుతారో మీకు తెలుసు. మావారు నా చేతిలోంచి ఫోను లాక్కుని ఇంగ్లీషులో, నెమ్మదిగా, గట్టిగా అడిగారు. అవతల్నుంచి "నో, నో ఇంగ్లీష్" అని ఒక్కటే మాట. కాబోయే అల్లుడికి చేశాం, ఫోను ఆపేసి ఉంది. అమ్మాయి ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు.

మళ్ళీ ఆవిడకే చేశాను. పాఠాల్లో వందసార్లు అన్న వాక్యం ఒకటుంది. అది నేను తలుచుకోకుండానే నోట్లోంచి వచ్చేసింది. "ప్లూ లాఁత్మాఁ, సిల్వూప్లే." కాస్త నెమ్మదిగా, దయచేసి.

ఆవిడ ఒక్క క్షణం ఆగారు. తర్వాత చంటిపిల్లకి గోరుముద్దలు పెట్టినట్టు ఒక్కో మాటే చెప్పారు. అపేఁదిసీత్. ఆ మాటకి ఇంగ్లీషు చుట్టం ఉంది కాబట్టి తెలిసింది. లోపెరాస్యోఁ, ఆపరేషను. ఫినీ. అయిపోయింది ఆపరేషనన్నమాట. "ఎల్ వ బ్యేఁ." బాగుంది. "ఎల్ దోర్." నిద్రపోతోంది.

నిద్రపోతోందండీ, అని మావారికి చెప్పి మంచం మీద కూలబడ్డాను. ఆయన నా మొహంలోకి చూస్తున్నారు, ఇంకేమన్నారు, ఇంకేమన్నారు అని. పాతికేళ్ళలో మొదటిసారి ఆయన అడుగుతున్నారు, నేను చెబుతున్నాను. ఆ గొడవలో ఈ ఆలోచన రాలేదనుకోండి, తెల్లారాక వచ్చింది.

అంతలో ఆవిడ ఇంకో మాట అన్నారు, "ఎల్ సోర్ అప్రె దమేఁ." నాకు అదీ "దోర్" అనే వినబడింది. ఎల్లుండిదాకా నిద్రపోవడమేమిటి! మళ్ళీ గుండె జారింది. "ఎల్ దోర్... ద్యూ జూర్?" రెండు రోజులు నిద్రా, అన్నాను వణుకుతూ. "నోఁ, నోఁ! సోర్! లా మెజోఁ! లా మెజోఁ!" అని అరిచారావిడ. మెజోఁ అంటే ఇల్లు. ఎల్లుండి ఇంటికి పంపిస్తారట. దోర్ అంటే నిద్ర, సోర్ అంటే బయటికి రావడం. ఒక్క అక్షరం తేడా. ఇద్దరం ఒకేసారి నవ్వాం, నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చేశాను. ఆవిడా ముక్కు చీదుకోవడం వినబడింది.

అల్లుడు ఆఫీసు పని మీద విమానంలో ఉన్నాడని, కడుపునొప్పితో మా పిల్ల ఫోను చేస్తే ఆవిడే కారేసుకుని వెళ్ళి తీసుకెళ్ళారని, రాత్రంతా కుర్చీలో కూర్చున్నారని మర్నాడు తెలిసింది. ఇవన్నీ నాకు ఫ్రెంచిలో అర్థం కాలేదు. మా అమ్మాయి చెబితేనే తెలిసింది. ఎనిమిది నెలల చదువుకి దక్కింది నాలుగు వాక్యాలే. కానీ ఆ నాలుగూ ఆ రాత్రి ఇంకెవరివల్లా తెలిసేవి కావు.

ఇంటికొచ్చాక అమ్మాయి అడిగింది, "అమ్మా, ఆవిడతో ఏం మాట్లాడావు? నువ్వంటే ఒకటే పొగుడుతున్నారు" అని. "ఏం లేదే" అన్నాను.

ఇప్పుడు ఆదివారం ఆదివారం మేమిద్దరమే మాట్లాడుకుంటాం, పిల్ల లేకుండా. పది నిమిషాలు. వాన, వంట, మోకాళ్ళు. ఒకరోజు, మిమ్మల్ని ఏమని పిలవాలి అని అడిగారావిడ. వాళ్ళ భాషలో అత్తగారిని "బెల్ మేర్" అంటారు, విడగొడితే అందమైన అమ్మ. సవతితల్లినీ అదే మాటతో పిలుస్తారట, అదేం పొదుపో. కానీ వియ్యపురాలికి మాత్రం మాట లేదు. ఇంగ్లీషులోనూ లేదు. మన దగ్గర ఉంది, "వదినగారూ" అనండి అన్నాను. ఫ్రెంచివాళ్ళ రకారం గొంతు లోపల్నుంచి, పుక్కిలించినట్టు వస్తుంది కదా. "వదినగాఖూ" అంటున్నారు. బాగుంది, మార్చను.

పెళ్ళి మార్గశిరంలో, ఇక్కడే. ఆవిడ వస్తున్నారు. తెలుగు నేర్చుకుంటానని పట్టుబట్టారు. అందుకని నేనే ఫోన్లో చిన్న చిన్న పాఠాలు చెప్పి పంపుతున్నాను, ఆ పింస్లర్ గారి పద్ధతిలోనే. "రా", "న్నారా", "బాగున్నారా", తోక నుంచి. మధ్యలో ఆవిడ అనడానికి ఎడం వదులుతాను. మొదటి పాఠం ఏం పెట్టాలని మా అత్తగారిని అడిగితే, "చాలండీ అని నేర్పు. లేకపోతే మన పెళ్ళి భోజనాల్లో బతికి బట్టకట్టదు" అన్నారు. మళ్ళీ ఆలోచించి, "అన్నా ఎవరూ ఆపరనుకో" అన్నారు.

నిన్న రెండో పాఠం పంపాను, అన్నం, పప్పు, నెయ్యి. ఎడం వదిలిన చోట మా కుక్కర్ కూతపెట్టింది, నేను చూసుకోలేదు. ఆవిడ చెప్పిన జవాబు ఇవాళ పొద్దున వచ్చింది. అన్నం, పప్పు, నెయ్యి, ఆ పక్కనే శ్రద్ధగా, పొడుగ్గా, "ష్ష్ష్ష్". కింద ఒక ప్రశ్న: ఈ నాలుగో మాటకి అర్థం ఏమిటి వదినగారూ?